ఆచారాలు వేరు, దుఃఖం ఒక్కటే: అశోక చక్రవర్తి జీవితం



ఉపాసకులారా, ఉపాసికలారా,

ఒక మాట మీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. టీ హోటల్లో మనవాళ్లకు వేరే గ్లాసు ఎందుకని అడిగితే, అది ఈ ఊరి ఆచారం అన్నారు. ఆడపిల్లను దేవతకిచ్చి జోగినిని చేస్తున్నారేంటని అడిగితే, తాతల నాటి సంప్రదాయం అన్నారు. బడికెళ్లే పిల్లకు పెళ్లెందుకని అడిగితే, మా ఇళ్లల్లో ఇంతే అన్నారు. ఇప్పుడు అదే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా వస్తోంది. ఏ సంస్కృతి నీతి ఆ సంస్కృతికి సరైనదేనట. అందరికీ వర్తించే నీతి అంటూ ఏదీ లేదట. బయట నిలబడి మంచిచెడ్డలు చెప్పే హక్కు ఎవరికీ లేదట. దీన్ని సాంస్కృతిక సాపేక్షవాదం అంటారు.

ఈ వాదం పుట్టుకలో కొంత న్యాయం ఉంది. అది ముందు ఒప్పుకుందాం. ఒకప్పుడు తెల్లవాళ్లు తమ పద్ధతే నాగరికత అనీ, మిగతావాళ్లంతా అనాగరికులనీ చెప్పి దేశాలను ఆక్రమించారు. దాన్ని ఎదిరించి, ఒక జాతి ఎక్కువా కాదు, మరొక జాతి తక్కువా కాదు అని చెప్పినవాళ్లలో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ ముఖ్యుడు. ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మన బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివింది అక్కడే. 1916లో కులం పుట్టుక మీద తన వ్యాసాన్ని చదివింది కూడా అక్కడి మానవశాస్త్ర తరగతిలోనే. మనుషుల ఆచారాలు రకరకాలని ఆయనకు బాగా తెలుసు. అయినా 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. ప్రతి సంస్కృతీ దానికదే సరైనదైతే ఆ మంటకు న్యాయం ఎక్కడిది? మన దీక్షకు మాత్రం అర్థం ఏముంటుంది?

అందుకే ఈ పుస్తకంలో ఒక మనిషి జీవితం చూద్దాం. ఆయన ఎన్నో భాషలు, ఎన్నో దేవుళ్లు, ఎన్నో ఆచారాలు ఉన్న జనాన్ని పాలించాడు. ఈ ప్రశ్న ఆయనకు వాదన కోసం వచ్చింది కాదు, రోజూ ఎదురైన పని. ఆయనే అశోకుడు.

రాకుమారుడు

అశోకుడు మౌర్య వంశంలో మూడో రాజు. చంద్రగుప్తుడి మనవడు, బిందుసారుడి కొడుకు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పాటలీపుత్రంలో ఆయనకు పట్టాభిషేకం జరిగింది. ఆ పాటలీపుత్రమే ఇప్పటి పాట్నా. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఉజ్జయినిలో తండ్రి తరఫున పాలన చూశాడనీ, విదిశకు చెందిన దేవి అనే ఆమెను పెళ్లాడాడనీ, మహిందుడు, సంఘమిత్త వాళ్ల పిల్లలేననీ సింహళ గ్రంథాలు చెప్తాయి.

తొంభై తొమ్మిది మంది అన్నదమ్ములను చంపి గద్దెనెక్కాడనే కథ కూడా మీరు విని ఉంటారు. దాన్ని నమ్మే ముందు శిలాశాసనం చూడండి. పట్టాభిషేకమైన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్లలో అధికారులు ధమ్మం పని చూస్తున్నారని ఆయనే చెక్కించాడు. చండాశోకుణ్ణి ఎంత నల్లగా చూపిస్తే ధర్మాశోకుడు అంత తెల్లగా కనబడతాడని తర్వాతివాళ్లు కథలు పెంచారు. మనకు కథ అక్కర్లేదు. రాతి మీద ఉన్నది చాలు.

కళింగలో ఏం జరిగింది

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు అశోకుడు కళింగ మీద దండెత్తాడు. అంటే ఇప్పటి ఒడిశా, మన ఉత్తరాంధ్రను ఆనుకుని ఉన్న తీరం. యుద్ధం గెలిచాడు. లక్ష మంది యుద్ధంలో చనిపోయారు. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు. అంతకు ఎన్నో రెట్లు జనం ఆ తర్వాత పోయారు. ఈ లెక్క శత్రువులు రాసింది కాదు. గెలిచిన రాజు తనంతట తానే పదమూడో శిలాశాసనంలో చెక్కించుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ కాలపు ఆచారం ప్రకారం అశోకుడు చేసిన తప్పేంటి? ఏమీ లేదు. యుద్ధం చెయ్యడం రాజు పని. రాజ్యం పెంచడం రాజుకు కీర్తి. చుట్టూ ఉన్న సంస్కృతి అంతా ఆయన్ని మెచ్చుకునేదే. ఏ సంస్కృతి నీతి ఆ సంస్కృతికి సరైనదే అంటే, అశోకుడు బాధపడడానికి కారణమే లేదు.

కానీ ఆయన బాధపడ్డాడు. తన కులధర్మం ఏం చెప్పిందో చూసుకోలేదు, ఓడిపోయినవాళ్ల ఇళ్లు చూశాడు. పెద్దలను గౌరవిస్తూ, స్నేహితులతో, బంధువులతో, పనివాళ్లతో మంచిగా బతికే మామూలు సంసారులు కూడా చావుకు, చెరకు గురయ్యారని గుర్తించాడు. తనకు దెబ్బ తగలకపోయినా తనవాళ్లు పోయినందుకు ఏడ్చేవాడు కూడా యుద్ధంలో దెబ్బతిన్నవాడే అన్నాడు. ఆ చనిపోయినవాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు మంది ఇప్పుడు పోయినా అది తనకు భారమే అన్నాడు.

కళింగ జనం దేవుళ్లు ఎవరో, పెళ్లిళ్లు ఎలా చేసుకుంటారో, ఏం తింటారో ఆయన లెక్కలోకి తీసుకోలేదు. బిడ్డ పోయిన తల్లి దుఃఖానికి భాష లేదు, దేశం లేదు. తథాగతుడు మొదటి సత్యంగా దుఃఖాన్నే ఎందుకు చెప్పాడో ఇక్కడ అర్థమవుతుంది. ఆచారాలు వేరు కావచ్చు, దుఃఖం మాత్రం అందరిదీ ఒక్కటే. అందరికీ వర్తించే నీతి అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంకొక సంగతి. ఆయన ఈ కొలతను మొదట వేరేవాళ్ల మీద పెట్టలేదు, తన మీదే పెట్టుకున్నాడు, అదీ తన గెలుపు మీద. తెల్లదొరలు తమ నీతిని ఎదుటివాళ్ల మీద పెట్టారు గానీ తమ మీద పెట్టుకోలేదు. రెండింటికీ ఉన్న తేడా ఇదే.

మార్పు ఒక్క రోజులో రాలేదు

కళింగ తర్వాత అశోకుడు ఒక్కసారిగా మారిపోయాడని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆయన అలా చెప్పుకోలేదు. ఉపాసకుడై రెండున్నరేళ్లు దాటిందనీ, మొదటి ఏడాది తాను పెద్దగా శ్రద్ధ పెట్టలేదనీ, సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా పట్టుదల వచ్చిందనీ చిన్న శిలాశాసనంలో ఒప్పుకున్నాడు. దీక్ష తీసుకున్న కొత్తలో మనలోనూ ఎంతమందిమి ఇలాగే ఉన్నాం!

వంటింటి సంగతీ అంతే. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు పోయేవట. శాసనం రాసే నాటికి రెండు నెమళ్లు, ఒక జింకకు తగ్గింది. ఆ జింక కూడా ప్రతి రోజూ కాదు. ముందు ముందు ఈ మూడు కూడా ఉండవని చెప్పాడు. అబద్ధం చెప్పి పూర్తిగా మానేశానని రాయించుకోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు.

ఏది ఆచారం, ఏది ధమ్మం

అశోకుడి రాజ్యం ఇప్పటి అఫ్గానిస్తాన్ నుంచి కర్ణాటక దాకా ఉండేది. అందులో బ్రాహ్మణులు, శ్రమణులు, ఆజీవకులు, జైనులు, గ్రీకులు, కాంభోజులు, అడవి జనం, మన ఆంధ్రులు, పుళిందులు ఉన్నారు. ఇన్ని రకాల జనం మీద ఒకే మతం రుద్దాడా? లేదు. అన్ని పాషండాల వాళ్లూ ఎక్కడైనా నివసించవచ్చు అన్నాడు. పాషండం అంటే ఆ రోజుల్లో తిట్టు కాదు, మతశాఖ అని అర్థం. తన శాఖను పొగుడుకుంటూ ఎదుటి శాఖను కించపరిచేవాడు తన శాఖకే ఎక్కువ హాని చేస్తాడని పన్నెండో శాసనంలో చెక్కించాడు. నోరు అదుపులో పెట్టుకోండి, ఒకరి మాట ఒకరు వినండి, నేర్చుకోండి అని చెప్పాడు.

మరి అన్నిటినీ సరే అన్నాడా? అదీ లేదు. యజ్ఞం పేరుతో ప్రాణులను బలి ఇవ్వడం వద్దన్నాడు. అది వేల మంది పాటించే ఆచారమే. అయినా వద్దన్నాడు. ఎందుకంటే అక్కడ ఒక ప్రాణి నొప్పి ఉంది.

తొమ్మిదో శాసనం మన ఇళ్లకు చాలా దగ్గరగా ఉంటుంది. జబ్బు చేస్తే, పెళ్లి జరిగితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారని చెప్పాడు. వాటిని నిషేధించలేదు. చేసుకుంటే చేసుకోండి గానీ వాటి ఫలం చాలా కొంచెం అన్నాడు. అసలైన మంగళం ఏంటంటే, దాసులతో, పనివాళ్లతో సరిగా నడుచుకోవడం, గురువులను గౌరవించడం, ప్రాణుల పట్ల సంయమనం, దానం అని చెప్పాడు.

ఇప్పుడు ఆయన పద్ధతి స్పష్టంగా కనబడుతుంది. ఎవరికీ హాని చెయ్యని ఆచారం ఉంటే ఉండనీ. ఫలం లేని ఆచారానికి ఫలం లేదని మర్యాదగా చెప్పు. ప్రాణిని బాధపెట్టే ఆచారాన్ని మాత్రం ఆచారమని వదిలెయ్యకు. కేశపుత్తలో కాలాములకు తథాగతుడు నేర్పిన దారి కూడా ఇదే. పరంపరగా వస్తోందని గానీ, గ్రంథంలో ఉందని గానీ దేన్నీ పట్టుకోకండి, అది లోభం, ద్వేషం, మోహం నుంచి పుట్టి హాని చేస్తుందా, మేలు చేస్తుందా అని మీరే పరీక్షించి చూడండి అని ఆయన చెప్పాడు.

ఒకే ధమ్మం, ఎన్నో భాషలు

కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో, ఎర్రగుడి అనే ఊరుంది. వీలైతే పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. అక్కడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఉన్నాయి. అదే జిల్లాలో రాజుల మందగిరిలో కూడా చిన్న శాసనం ఉంది. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. అమ్మానాన్నల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని అందులో ఉంది. ఈ మాటలు డప్పు కొట్టించి పల్లె జనానికి చాటమని అధికారులకు ఆజ్ఞ కూడా ఉంది. ఈ ఫలం గొప్పవాళ్లకే కాదు, చిన్నవాళ్లు కూడా పట్టుదల ఉంటే అందుకోగలరు అని చిన్న శాసనం చెప్తుంది. అక్షరం మనకు నిషేధం అన్న దేశంలో, మన నేల మీద, చిన్నవాళ్లు పెద్దవాళ్లు అనే తేడా లేదని రాతిలో చెక్కిన మాట అది.

ఇక్కడి నుంచి అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌కు వెళ్దాం. అక్కడ 1958లో ఇంకో అశోక శాసనం బయటపడింది. పైన గ్రీకు భాష, కింద అరామిక్ భాష. అక్కడి జనానికి వాళ్ల భాషల్లోనే చెప్పాడన్నమాట. ధమ్మం అనే మాటకు గ్రీకులో యుసేబియా అని రాశారు. భక్తి, గౌరవం అని దాని అర్థం. అరామిక్‌లో సత్యం అనే అర్థం వచ్చే మాట వాడారు. మాటలు మారాయి. సంయమనం, పెద్దల పట్ల గౌరవం, ప్రాణుల పట్ల దయ మాత్రం మారలేదు. ఒక విలువ ఒక జాతికే చెందినదైతే మూడు భాషల్లోకి ఇలా ప్రయాణం చెయ్యగలదా?

గ్రీకుల దేశంలో బ్రాహ్మణులూ శ్రమణులూ లేరని అశోకుడు గమనించాడు. అంతకు ముందే తథాగతుడు కూడా అస్సలాయనుడనే బ్రాహ్మణ యువకుడితో వాదిస్తూ, యోన, కాంభోజ దేశాల్లో నాలుగు వర్ణాలు లేవు, యజమానులూ దాసులూ అని రెండే ఉన్నాయి, వాళ్లు కూడా అటూ ఇటూ మారుతుంటారు అని గుర్తు చేశాడు. చూడండి, ఆచారాలు రకరకాలనే మాటను ఆయన ఎలా వాడాడో! పక్క దేశంలో లేని వర్ణం బ్రహ్మ సృష్టి ఎలా అవుతుంది? ఆచారాల తేడా కులాన్ని కాపాడదు. కులం మనుషులు చేసినదేనని బయటపెడుతుంది.

ఒకే విచారణ, ఒకే శిక్ష

పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు వేయించిన నాలుగో స్తంభశాసనంలో అశోకుడు రజ్జుక అధికారులకు ఒక సంగతి చెప్పాడు. విచారణలో సమానత ఉండాలి, శిక్షలో సమానత ఉండాలి. చిన్న మాటలా కనబడుతుంది గానీ ఇందులో పెద్ద తిరుగుబాటు ఉంది. వర్ణాన్ని బట్టి శిక్ష మారాలనేది బ్రాహ్మణ ధర్మశాస్త్రాల పద్ధతి. ఒకే నేరానికి శూద్రుడికి ఒక శిక్ష, బ్రాహ్మణుడికి ఇంకో శిక్ష. తర్వాత మనుస్మృతి దాన్నే గట్టిగా బిగించింది. ఎవరి ధర్మం వారిదే అనే స్వధర్మ సిద్ధాంతం ఇదే కదా! ఏ సంస్కృతి నీతి దానిదే అనే మాటకు మన దేశంలో పాత పేరు ఇది. దాని కింద నలిగినవాళ్లం మనం. అందుకే ఆ మాట కొత్త పేరుతో వచ్చినా మనం గుర్తుపట్టాలి.

బాబాసాహెబ్ తన చివరి గ్రంథం బుద్ధుడు అతని ధమ్మంలో ఈ సంగతి విడమరిచి చెప్పారు. దొంగల ముఠాలో కూడా వాళ్లకంటూ ఒక నీతి ఉంటుంది, కులంలోనూ ఉంటుంది. కానీ అది తన గుంపును కాపాడుకుని బయటివాణ్ణి దూరం పెట్టే నీతి. అందుకే నీతి ఉంటే చాలదు, అది పవిత్రం కావాలి, అందరికీ ఒకటే కావాలి అని ఆయన వాదించారు.

ఆయన తప్పిన చోట

అశోకుణ్ణి దేవుణ్ణి చెయ్యడం మన పని కాదు. కళింగ నుంచి తరలించిన లక్షన్నర మందిని తిరిగి ఇళ్లకు పంపినట్టు ఏ శాసనమూ చెప్పదు. పశ్చాత్తాపం చెక్కించిన ఆ పదమూడో శాసనం ఎర్రగుడిలో ఉంది గానీ కళింగలోని ధౌలి, జౌగడలలో లేదు. అక్కడ దాని బదులు ప్రజలందరూ నా బిడ్డలే, ఎవరినీ ఊరికే బంధించవద్దు అని అధికారులకు చెప్పే శాసనాలు ఉన్నాయి. అడవి జనంతో మంచిగా ఉంటానంటూనే, తనకు బలం ఉందని హెచ్చరించాడు. దాసులతో మంచిగా ఉండమన్నాడు గానీ దాస్యం రద్దు చెయ్యలేదు. మరణశిక్ష ఎత్తెయ్యలేదు, మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు.

ఇవి ఎందుకు చెప్తున్నామో అర్థం చేసుకోండి. ఆయన కాలపు ఆచారం అది, తప్పు పట్టకూడదు అని మనం సర్దుకోం. ఆయన మనకు చూపించిన కొలతతోనే ఆయన్నీ కొలుస్తాం. అందరికీ వర్తించేది అంటే చక్రవర్తికీ వర్తించాలి, మనకిష్టమైనవాళ్లకూ వర్తించాలి.

బలవంతమా, ఒప్పించడమా

ఏడో స్తంభశాసనంలో అశోకుడు తన పని అంతా వెనక్కి తిరిగి చూసుకున్నాడు. దారుల వెంట మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు చెప్పుకున్నాడు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని అంతకు ముందే చెక్కించాడు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: జనంలో ధమ్మం పెరగడానికి రెండు దారులున్నాయి, ఒకటి నియమాలు పెట్టడం, రెండు ఆలోచింపజేసి ఒప్పించడం. నియమాల వల్ల కలిగింది కొంచెమే, ఒప్పించడం వల్ల కలిగిందే ఎక్కువ అని ఆయన అనుభవం.

అందరికీ ఒకే నీతి అంటే కత్తి పట్టుకుని రుద్దుతారేమో అని భయపడేవాళ్లకు ఇదే సమాధానం. కత్తి కళింగలో వాడాడు. దానికి ఆయన సిగ్గుపడ్డాడు. ధమ్మం చెప్పడానికి మాత్రం డప్పును, రాతిని, మనిషి మాటను వాడాడు.

క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు చనిపోయాడు. ఆయన లిపిని కూడా ఈ దేశం మరిచిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ అక్షరాలను చదివాడు. దేవానంపియ అని రాసుకున్న రాజు అశోకుడేనని 1915లో దొరికిన మస్కి శాసనం నిరూపించింది. 1947లో ఆయన చక్రం మన జెండా మధ్యకు వచ్చింది. 1956 అక్టోబర్ 14న, అశోక విజయదశమి నాడు, నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మ దీక్ష తీసుకున్నారు. ఆ రోజును ఎంచుకోవడం ఊరికే జరగలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి

అశోకుడు కొలతను మొదట తన మీద పెట్టుకున్నాడని చెప్పుకున్నాం. మనమూ అలాగే చేద్దాం. పై కులాల ఆచారాన్ని తప్పు పట్టడం మనకు తేలిక. మరి దీక్ష తీసుకున్న ఇంట్లో పిల్లకు సంబంధం చూసేటప్పుడు మన ఉపకులమేనా అని ఎందుకు ఆరా తీస్తున్నాం? అదేంటని అడిగితే మనలో కొందరు ఏమంటున్నారు? మన పెద్దల పద్ధతి అంటున్నారు. టీ గ్లాసు దగ్గర విన్న మాటే కదా అది! కూతురి చదువు ఆపి కొడుకు చదువు సాగించినప్పుడూ, తాగొచ్చి భార్య మీద చెయ్యెత్తినప్పుడూ అదే మాట వాడుతున్నాం.

ఈ వారం విహారంలో వందన అయ్యాక కాసేపు కూర్చోండి. మీ ఇంట్లో ఆచారం పేరుతో సాగే మూడు పనులు రాసుకోండి. ఒక్కో దాని వల్ల ఎవరు బాధపడుతున్నారో అడగండి. ఆ బాధపడేవాళ్లనే, అమ్మనో, కోడలినో, చిన్న పిల్లనో, ముందు మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పేది అందరూ పూర్తిగా వినండి. ఎవరికీ బాధ లేని పద్ధతిని సంతోషంగా ఉంచుకోండి. మిగతావాటి గురించి ఇంట్లోవాళ్లను ఒప్పించడం మొదలుపెట్టండి. ఓపిక కావాలి. మొదటి ఏడాది అశోకుడికీ కుదరలేదు.

జై భీమ్! నమో బుద్ధాయ!